శ్రీరంగాపూర్ ఇల్లు ఉరుస్తున్నదట

నాగర్‌కర్నూల్,
జూలై 6, 2025

తమ్ముడు కురుమయ్యకు అక్క ఎస్తేరు దీవెనలు.

నీ ఫోనుకు చేసీ చేసీ నా వేలు అరిగింది. స్విచ్చాఫ్ అని చెప్పే ఆ అమ్మాయి గొంతు మన చుట్టాల గొంతులాగా అలవాటైపోయింది. ఈ కాలంలో తోడబుట్టినవాడికి ఉత్తరం రాయాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. మీ బావకు గద్వాల బస్సు మీదనే డ్యూటీ పడింది కాబట్టి సరిపోయింది. నువ్వు సిమెంటు తీసుకునే దుకాణంలో ఇచ్చి వస్తానన్నాడు. జవాబు రాసి అక్కడే పెట్టు, తిరుగు బస్సులో తెస్తాడు. "నేను కండక్టర్‌నా, పోస్ట్‌మ్యాన్‌నా?" అని పొద్దుటి నుంచి గొణుగుతున్నాడు. గొణగనీ.

అసలు సంగతి విను. శ్రీరంగాపూర్ నుంచి నవనీత ఫోన్ చేసింది. నేను అక్కడి బడిలో పనిచేసినన్నాళ్లూ వాళ్ల అత్త ఈదమ్మ నన్ను సొంత బిడ్డలా చూసింది. ఆ చనువుతోనే వాళ్ల కొత్త ఇంటి పని నీకు ఇప్పించాను. "మా తమ్ముడు కట్టిన ఇంట్లో మళ్లీ కప్పు వైపు చూసే పనుండదు" అని ఈదమ్మ కొడుకు మల్లేశ్‌తో గొప్పగా చెప్పాను. ఇప్పుడు వాళ్లు పొద్దస్తమానం కప్పే చూస్తున్నారట. వాన పడితే చాలు, హాల్లో ఫ్యాను దగ్గర నుంచి నీళ్లు కారుతున్నాయట. గృహప్రవేశం అయిన నాటి నుంచీ ఈదమ్మ ఆ ఇంట్లో పడుకోనే లేదు. "ఇల్లు ఉరుస్తున్నది, నేను పండ" అని చాప చంకన పెట్టుకుని పశువుల దగ్గరి రేకుల షెడ్డులోకి పోతోందట. డెబ్బై దాటిన మనిషి, దగ్గు కూడా పట్టుకుంది.

"టీచరమ్మా, మీ తమ్ముడు పనోళ్లను తోలుతుండు గని తను ఒక్కసారి వస్తలేడు. మా అత్త మేస్త్రే రావాలె అని పట్టువట్టింది" అని నవనీత అంటుంటే నాకు తలెత్తుకోబుద్ధి కాలేదు.

కోపంగా రాస్తున్నానని అనుకోకు. కోపంగానే రాస్తున్నాను. పోయి చూసి రా.

నీ మేలు కోరే
అక్క

---

గద్వాల,
జూలై 10

అక్కకు నమస్కారాలు. టికెట్టు కొట్టకుండా ఉత్తరాలు మోస్తున్న బావకు కూడా.

ఉత్తరం రాస్తే పుస్తకంలో ఉన్నట్టు సక్కగా రాయాలని చిన్నప్పుడు నువ్వే చెవి మెలేసి నేర్పావు. అట్లాగే రాస్తున్నాను. లోపల మాత్రం తిట్లే తిరుగుతున్నాయి.

ఫోను ఎందుకు బంద్ పెట్టానో విను. మల్దకల్‌లో ఒక కిరాణా సేటుకు ఇల్లు కట్టి అప్పజెప్పాను. తెల్లారకముందే ఫోన్ చేస్తాడు. "మేస్త్రీ, ఇంట్ల బల్లులు తిరుగుతున్నయి." "గోడలు నేను కట్టిన సేటూ, బల్లులను నేను కట్టలే" అంటే ఆయనకు రోషం. ఇక్కడ గద్వాలలోనే రేణుకమ్మ అని ఒకామె. మెట్లు తూర్పున పెట్టమంటే పెట్టాను. ఇల్లంతా అయ్యాక ఎవరో పడమట ఉండాలన్నారట. "జర మెట్లు తిప్పి పెట్టు" అంటుంది, మంచం తిప్పినట్టు! ఇంకొకాయనకు తలుపు వానకు ఉబ్బింది. "తలుపు వడ్లాయన చేసిండు సార్" అన్నాను. "ఆయన ఫోన్ ఎత్తుతలేడు, నువ్వు ఎత్తినవ్ గద" అన్నాడు. అంటే ఎత్తడమే నేను చేసిన పాపం.

ఇల్లు కట్టినన్నాళ్లూ "మేస్త్రీ, చాయ్ తాగు" అన్న నోళ్లే, రంగులు ఆరకముందే "ఏందయ్యా గిట్ల చేసినవ్" అంటాయి. మొన్న చార్జింగ్ అయిపోయి ఫోను దానంతట అదే చచ్చింది. ఆ పూట నాకు అన్నం రుచి తెలిసింది. మళ్లీ చార్జింగ్ పెట్టలేదు. పనివాళ్లకు నేనెక్కడుంటానో తెలుసు, అది చాలు.

ఇక శ్రీరంగాపూర్. నా దగ్గర పనిచేసే శివను పంపాను. వాడు కప్పు మీద మట్టితో మడి కట్టి, నీళ్లు నిలబెట్టి, రాత్రంతా కింద కూర్చుని చూశాడు. చుక్క దిగలేదు. మళ్లీ కంప్లైంటు వస్తే, ఫలానా రోజు వస్తాడని ముందే చెప్పి మరీ మళ్లీ పంపాను. మళ్లీ చుక్క లేదు. వాడు ఇటు తిరిగొచ్చాడో లేదో, వాన పడి అటు కారిందట! మనిషి పోస్తే కారని కప్పు దేవుడు పోస్తే కారుతుందా? నువ్వు సైన్సు టీచరువి, నువ్వే చెప్పు.

నన్ను మాత్రం అక్కడికి పొమ్మనకు. ఇంకేదైనా అడుగు, చేస్తాను.

పరేషాన్‌లో ఉన్న
తమ్ముడు

---

నాగర్‌కర్నూల్,
జూలై 18

కురుమయ్యా,

బల్లుల కథ చదివి మీ బావ బస్సులో ఒక్కడే నవ్వాడట, ప్రయాణికులు భయపడ్డారట. నాకు నవ్వు రాలేదు.

"నన్ను పొమ్మనకు" అంటే ఏందిరా? నాలుగిళ్లు కట్టేసరికి కాళ్లు నేల మీద ఆనడం లేదా? మన అమ్మ బొంబాయిలో సిమెంటు తట్టలు మోసీ మోసీ నడినెత్తిన వెంట్రుకలు లేకుండా పోయింది. మేస్త్రి అనే పిలుపు ఆ నెత్తి మీద నుంచి నీకు వచ్చింది. ఒక ముసలామె షెడ్డులో దగ్గుతుంటే పనివాణ్ని తోలి చేతులు దులుపుకుంటావా?

నిన్న మళ్లీ నవనీత చేసింది. హాల్లో బకెట్ పెట్టారట. మల్లేశ్ ఊళ్లో అందరికీ చూపిస్తున్నాడట, మా టీచరమ్మ తమ్ముడు కట్టిన ఇల్లు చూడండని. రాత్రంతా ఆలోచించాను. నువ్వు పోనంటున్నావంటే పోవడానికి మొఖం లేకనే కదా అనిపించింది. నాకు నిజం చెప్పు. సిమెంటు తక్కువ వేశావా? కడ్డీ సన్నది వేశావా? వేసి ఉంటే ఒప్పుకో, విప్పి మళ్లీ కట్టు. నేనేమీ అనను.

అక్క

---

గద్వాల,
జూలై 27

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం ముట్టలేదు. బల్లుల సేటు కూడా నన్ను ఆ మాట అనలేదు. ఊరంతా అన్నా పడతాను. నువ్వు అంటావనుకోలేదు.

సిమెంటు తక్కువ వేసేవాణ్నే అయితే ఇన్నేళ్లకు నాకూ ఒక ఇల్లు ఉండేది. ఇంకా కిరాయి ఇంట్లోనే ఉన్నాను, అది కూడా ఉరుస్తుంది.

సరే, చెప్పకూడదనుకున్నది చెప్పిస్తున్నావు. మొన్న వేసవిలో వాళ్ల గృహప్రవేశానికి నువ్వు ఎలక్షన్ ట్రైనింగో ఏదో అని రాలేదు. నేను పోయాను. తలంటుకుని, తెల్ల అంగీ వేసుకుని, పొద్దున్నే పోయాను. మన దిక్కు పద్ధతి నీకు తెలియనిదా? ఇల్లు కట్టిన మేస్త్రిని హాల్లో పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, కొత్త బట్టలు పెట్టి, "ఇంక ఇల్లు మాకిచ్చి దిగు మేస్త్రీ" అంటారు. అప్పటిదాకా ఇల్లు మేస్త్రిదే లెక్క. వడ్లాయనను పిలిచారు, పీట మీద కూర్చోబెట్టారు. కరెంటు పని చేసిన పిల్లగాణ్ని పిలిచారు. వానికి మీసాలు కూడా రాలేదు, వానికీ పెట్టారు. నేను గేటు దగ్గర షామియానా కింద నిలబడే ఉన్నాను. పిలుస్తారు, పిలుస్తారు అని చూస్తూనే ఉన్నాను. లోపల మల్దకల్ నుంచి వచ్చిన వాళ్ల చుట్టాలు కుర్చీలలో కూర్చుని ఉన్నారు. కడపటికి మల్లేశ్ బయటికి వచ్చాడు. ట్రాక్టర్ పక్కన విస్తరి వేయించి, "మేస్త్రీ, తిని పో" అన్నాడు.

తినలేదు. వచ్చేశాను.

బట్టల కోసం కాదు అక్కా, నాకు బట్టలు లేవా? ఆ ఇంటి గడపను సాలు చూసి, మట్టం చూసి నిలబెట్టింది ఈ చేతులు. అది దాటి రమ్మని నన్ను అనలేదు. ఎందుకు అనలేదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇల్లు కట్టేటప్పుడు మన చేయి తగిలితే ఏమీ కాదు. పీట మీద కూర్చుంటేనే మైల పడుతుంది.

నేను మళ్లీ ఆ గడప తొక్కను. ఈ మాట వాళ్లతో అనకు. అడిగి పెట్టించుకున్న బట్టలు ఒంటి మీద నిలవవు.

కురుమయ్య

---

నాగర్‌కర్నూల్,
ఆగస్టు 5

నా తమ్ముడికి,

ఆ సిమెంటు మాట అన్న నా నోరు పడిపోను. ఉత్తరం చదివి స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను. నన్ను తిట్టు, కానీ అన్నం మానకు.

నువ్వు అనవద్దన్నావు కానీ నాకు నోరు ఊరుకుంటుందా? నీ పేరెత్తకుండా, "గృహప్రవేశం నాడు అందరికీ పెట్టారా?" అని నవనీతను ఊరికే అడిగినట్టు అడిగాను. ఆమె ఏమందో తెలుసా? "మేస్త్రికి పెట్టలే టీచరమ్మా. మీరు బొట్టు పెట్టిన బట్టలు తీసుకోరు గద. మీ తమ్ముడు గూడ మీ లెక్కనే చర్చికి పోతడని, పెడితే తప్పువడతడని మా ఆయన వద్దన్నడు."

చూశావా! నాకు బదిలీ అయిన రోజు ఈదమ్మ జాకెట్ ముక్క మీద పసుపు కుంకుమ వేసి ఇవ్వబోతే, "అవ్వా, మేము బొట్టు పెట్టినవి తీసుకోం, ఉత్త బట్ట ఇవ్వండి" అని మర్యాదగానే అన్నాను. ఆమె అట్లాగే ఇచ్చింది. అది వాళ్లు నీకు కూడా చుట్టేశారు. నేను మీ బావ సామ్యూల్‌ను చేసుకుని చర్చికి పోతే, నువ్వు కూడా పోతావనుకున్నారు. నువ్వు ఏటేటా కురుమూర్తి జాతరకు పోతావని వాళ్లకేం తెలుసు?

అంతే సంగతి! ఇందులో ఎవరి తప్పూ లేదు. నువ్వేమో ఇంకేదో అనుకుని ఇన్ని నెలలు కుమిలావు. మంచి మనుషులు వాళ్లు. మనసులో పెట్టుకోక పోయి, ఆ కప్పు సంగతి చూడు. ఈదమ్మకు దగ్గు ఎక్కువై వనపర్తి దవాఖానకు తీసుకుపోయి వచ్చారట. వచ్చీ మళ్లీ షెడ్డులోకే పోయింది.

సంతోషంగా ఉన్న
అక్క

---

గద్వాల,
ఆగస్టు 17

అక్కా,

నీ సంతోషం మీద నీళ్లు పోయాలని లేదు. కానీ నువ్వు అడగని సంగతి ఒకటుంది. ఆ ఇంటికి స్లాబు పోసిన నాడు కొబ్బరికాయ కొట్టింది ఎవరు? నేను. పళ్లెంలో కర్పూరం పట్టుకుని నా పక్కన నిలబడింది ఎవరు? మల్లేశ్. నా నుదుటి బొట్టు ఆరు నెలలు ఆయన కళ్లకు ఆనలేదా?

ఈ ఒక్క మాట మొఖం మీద అడగాలని నిన్న బండి తీశాను. ఫోను లేదు కదా, వస్తున్నానని ఎవరికీ తెలియదు. పెబ్బేరు దాటేసరికి వాన దంచికొట్టింది. పోయేసరికి మల్లేశ్ ఇంట్లో లేడు, ట్రాక్టర్ రిపేరుకు పోయాడు. తలుపు తీసే ఉంది. నేను గడప తొక్కలేదు. మెట్లు బయటి నుంచే ఉన్నాయి కాబట్టి, ఎట్లాగూ వచ్చాను కదా అని కప్పు మీదికి ఎక్కాను.

అక్కా, పైన చెరువు! పిట్టగోడల మధ్య నీళ్లు నిండి ఉన్నాయి. వాన నీళ్లు దిగిపోయే పైపు దగ్గర ఈదమ్మ నెత్తి మీద గోనెసంచి కొప్పెర వేసుకుని, గొంతుక్కూర్చుని, కట్టెతో ఆ పైపులోకి పాత చీర పేలికను కుక్కుతోంది.

"ఏం జేస్తున్నవ్ అవ్వా?" అన్నాను.

ఉలిక్కిపడలేదు. "వచ్చినవా మేస్త్రీ?" అంది, పెళ్లికి ఆలస్యంగా వచ్చిన చుట్టాన్ని అన్నట్టు.

"నీ ఇల్లు నువ్వే ఉరిపిస్తున్నవా?"

"మరి ఏం జేయాలె? ఫోన్ జేపిస్తే ఆ శివగాన్ని తోలిచ్చినవ్. ఆడు వస్తుండని తెలిస్తే ముందుగాల్నే పేలిక తీసేస్తి. ఆనికి దొరికితే ఆడే తీసి పోతుండె. ఇంక నువ్వెందుకొస్తవ్?"

శివ కట్టిన మడిలో నీళ్లు జానెడు లేవు. ఈమె వానలన్నీ పట్టి నిలబెడితే నీళ్లు స్లాబు పైకి తేలిన కరెంటు వైర్ల పైపు మూతి దాకా లేచి, ఆ పైపు వెంట హాల్లో ఫ్యాను దగ్గరికి దిగుతున్నాయి. నా స్లాబుకు ఏమీ కాలేదు. ముందు నాకు కలిగింది ఆ సంతోషమే. తరువాత ఒళ్లు మండింది.

"నేనెందుకు రావాలె? మీరు పీట మీద కూసోబెట్టలేదాయె" అనేశాను. దాచుకుందామనుకున్న మాట వానలో జారిపోయింది.

ముసలామె అక్కడే, ఆ నీళ్లలోనే కూర్చుండిపోయింది. "బట్టలు తెచ్చి బీరువల పెట్టిన బిడ్డా, నా చేత్తోనే వనపర్తిల కొన్న. పిలువురా అంటే మా మల్లేశ్, మల్దకల్ చుట్టాలు కూసున్నరు, ఈయనను పీట మీద కూసోబెడితే వాళ్లు లేచిపోతరు అనె. టీచరమ్మ జాకెట్ గుడ్డ ముచ్చట అడ్డం పెట్టె. అది సాకు బిడ్డా, నాకు తెల్వదా? నలుగురి ముందల కొడుకును ఏమంటననుకొని నోరు మూసుకున్న. గని కట్టినోని కడుపు మండంగ ఆ ఇంట్ల నాకు నిద్రెట్ల పడతది? ఇల్లింక నీ చేతిలకెళ్లి దిగనే లేకపాయె."

కిందికి పోదాం రా, షెడ్డులో కూర్చోబెట్టి ఇప్పుడే పెడతానంది. ఎవరూ లేరు, ఎవరికీ తెలియదంది. అక్కా, అక్కడే నాకు కాలింది. "చాటుకు పెడితే చాటుకు తీసుకున్నట్టే అవ్వా. ఎవరు లేచి పోతరని పెట్టలేదో వాళ్ల ముందల్నే పెట్టు, వస్త" అన్నాను.

పైపులో చేయి పెట్టి పేలిక లాగి పారేశాను. నీళ్లన్నీ గుడగుడమని దిగిపోయాయి. ఆమెను మెట్లు దింపి బండి ఎక్కాను. వాళ్ల కంప్లైంటు తీరింది. నాది తీరలేదు. ముసలామెను అట్లా తడిగుడ్డలతో వదిలేసి వచ్చినందుకు దారంతా నా మీద నాకే కోపం.

కురుమయ్య

---

నాగర్‌కర్నూల్,
ఆగస్టు 25

తమ్మీ,

ఎవరి తప్పూ లేదని రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను. మంచి మనుషులని ఎంత సులువుగా రాశాను! నా జాకెట్ ముక్కను తీసి నీ దారికి అడ్డం వేశారని తలుచుకుంటే రక్తం ఉడుకుతోంది. పాఠాలు చెబుతూ మధ్యలో ఆగిపోతున్నాను.

కానీ ఆ ముసలామె సామాన్యురాలు కాదు. నువ్వు పోయిన రాత్రే కొడుకును కూర్చోబెట్టి, పేలిక సంగతితో సహా అంతా కక్కేసిందట. మల్లేశ్ ఎగిరాడట, "ఊరంతా బకెట్ చూపెడితి, ఇప్పుడు నా మొఖం ఎట్ల సూపియ్యాలె?" అని. "నువ్వు మేస్త్రికి ఎట్ల సూపిచ్చినవో గట్లనే సూపియ్యి" అందట. ముద్ద ముట్టనని మొండికేసింది. చివరికి మల్దకల్ వాళ్లకు కబురు పోయింది. ముప్పై ఒకటో తారీకు, ఆదివారం. మళ్లీ వంటలు, మళ్లీ పీట.

ఇప్పుడు వచ్చిన చిక్కు నీతోనే. "నేను ఫోన్ జేస్తే మేస్త్రి ఎత్తుతలేడు, ఇంక నేనేం జేయాలె?" అని మల్లేశ్ తల్లికి ఫోన్ చెవి దగ్గర పెట్టి మరీ వినిపిస్తున్నాడట. స్విచ్చాఫ్, స్విచ్చాఫ్. ఆయనకు అదొక వరమైంది. పిలుపు నా నోటి నుంచో నవనీత నోటి నుంచో వస్తే చాలదు. గేటు దగ్గర నిలబెట్టినవాడే పిలవాలి. అందుకు నీ ఫోను మోగాలి కదరా!

బల్లులో, మెట్లో, తలుపులో, ఏవైనా రానీ. ఆన్ చెయ్యి.

అక్క

---

గద్వాల,
సెప్టెంబర్ 1

అక్కకు,

శుక్రవారం ఫోను చార్జింగ్ పెట్టాను. ఊపిరి పోసుకున్న వెంటనే మెసేజీలు కుప్పలు. బల్లుల సేటు, రేణుకమ్మ మెట్లు, అన్నీ ఎత్తాను. అందరూ మొదలు అడిగిన మాట ఒకటే, "బతికే ఉన్నవా మేస్త్రీ?"

మల్లేశ్ నుంచి ఏమీ రాలేదు. శనివారం పొద్దుగూకింది. ఇక బంద్ పెడదామని చేతిలోకి తీసుకున్నాను, అప్పుడు మోగింది.

"మేస్త్రీ, రేపు ఇంటికి రావాలె" అన్నాడు.

"ఏం పని మీద?" అన్నాను. ఆయన నోటి నుంచి వినాలని.

పెట్టేశాడనుకున్నాను. "పీట మీద కూసోనీకి" అన్నాడు.

పోయాను. ఈసారి గేటు దగ్గర ఆగలేదు. మల్లేశ్ గడప దగ్గరికి వచ్చి "రా మేస్త్రీ" అన్నాడు, నా మొఖంలోకి చూడకుండానే. కుడికాలు పెట్టి దాటాను. మల్దకల్ వాళ్లు కుర్చీలలో ఉన్నారు. నేను పీట మీద కూర్చోగానే ఇద్దరు మగవాళ్లు లేచారు, తువ్వాళ్లు దులుపుకుని బయటికి నడిచారు. మల్లేశ్ వాళ్ల వెంట రెండడుగులు వేశాడు. ఈదమ్మ లేచి నిలబడలేదు, గొంతు పెంచలేదు. "మల్లేశా, బట్టలు పెట్టు" అంది, అంతే. ఆయన వెనక్కి తిరిగి వచ్చాడు. వంగి నాకు బొట్టు పెట్టాడు. అంగీ, ధోతి, తువ్వాల చేతిలో పెట్టాడు. ఇంకో ముగ్గురు నలుగురు మిగిలిన చుట్టాలు తలలు వంచుకుని కూర్చున్నారు, కానీ కూర్చున్నారు. నేను సంతోషించానని రాయమంటావా? లేచిపోయిన వాళ్ల కుర్చీలే కనిపించాయి నాకు, ఇప్పటికీ కనిపిస్తున్నాయి. అయినా లేవలేదు. కట్టినవాణ్ని, ఎందుకు లేవాలి? హాల్లో పంక్తిలోనే తిన్నాను.

నేను "ఇల్లు మీకిచ్చి దిగుతున్న అవ్వా" అన్న తరువాతే ముసలామె పోయి షెడ్డులోంచి చాప తెచ్చుకుంది. హాలు నడుమ పరుచుకుని, దుకాణం కట్టేసినట్టు మా అందరి ముందే పడుకుంది.

పోయేటప్పుడు అలవాటు కొద్దీ పైకి చూశాను. ఫ్యాను చుట్టూ నీళ్లు కారిన మరక పచ్చగా ఉంది. "శివను తోలి రంగు వేయిస్త అవ్వా, కనబడకుంట పోతది" అన్నాను.

పడుకునే కళ్లు తెరిచింది. "వద్దు. దానికి రంగెయ్యకు మేస్త్రీ. మావోడు పొద్దుగాల లేస్తే అది కనబడాలె."

మల్లేశ్ అక్కడే ఉన్నాడు. తలెత్తి ఆ మరకను చూశాడు.

ఇంక ఆపుతాను, ఫోను మోగుతోంది. బల్లుల సేటే. ఎత్తుతున్నాను.

నీ తమ్ముడు
కురుమయ్య